కొంగు నెత్తిమీదికి తీసుకోని రోజు

ఇనుప ఇంజన్ బ్లాకును లేపాలంటే ఇద్దరు మొగోళ్ళు కావాలె. నేను ఒక్కదాన్నే ఒకటి మోస్తున్న. తెలంగాణ రాకముందు సంది మోస్తున్న. పండుకుంటే రొమ్ము మీద ఉంటది. అన్నం కలుపుకుంటే పళ్ళెం పక్కన ఉంటది. మా ఆయన పోయినంక ఇంకింత బరువైంది. ఇయ్యాల దించుదామని కూసున్న. దిగుతదో లేదో తెల్వదు.

నాకు రాసుడు రాదు. సంతకం పెడ్త, అంతే. నేను చెప్తున్న, పక్కింటి కోడలు రాస్తున్నది. మధ్యల ఏం అడగనని మాటిచ్చింది. నా పేరు పెట్టొద్దన్న. మా ఆయన పేరు కూడ వద్దన్న, ఆయన పేరు చెప్తే నా పేరు చెప్పినట్టే గద. పేరు దాసుకుంట తప్పు ఒప్పుకునుడేంది అని ఇది సదివే నువ్వడుగుతవు. అడుగు. నీకంటె ముందు నన్ను నేనే అడిగిన. గంత ధైర్యం ఉంటే ఆయన బతికున్నప్పుడే చెప్తుంటి.

తార్నాకల మెయిన్ రోడ్డు ఎన్క గల్లీల మాకు రేకుల షెడ్డు ఉండె. ఇంజన్ బోరింగ్ పని. బండ్లు తిరిగి తిరిగి ఇంజన్ల సిలిండర్లు అరిగిపోతయి. వాటిని మిషన్ మీద మళ్ళ గుండ్రంగ కోసి నున్నగ చేసుడు మా ఆయన పని. మసి, తుప్పు, నూనె కడుగుడు నా పని. బ్లాక్ అంటే ఇంజన్‌కు మొండెం అనుకో. తిరిగేటియన్నీ దాంట్లనే తిరుగుతయి. మొండెం గట్టిగ లేకపోతే మీద ఎంత మంచి సామాను పెట్టినా దండుగ.

బయటోళ్ళకు తెల్వని ముచ్చట ఒకటుండె. మిషన్ల పక్కన నిలబడి నిలబడి మా ఆయన చెవులు పోయినయి. ఎడమది మొత్తం పోయింది. కుడిది, మొఖం ముందట నిలబడి గట్టిగ మాట్లాడితే పనికొస్తది. మనిషి పెదవులు చూసి మాట అందుకునేటోడు. కని బ్లాకుకు పెదవులుండయి. పాత బ్లాక్ తీసుకునేటప్పుడు చిన్న సుత్తితోని కొట్టి ఇనాలె. బజార్ల కుండ కొనేటప్పుడు వేలు మడిచి కొట్టి చూస్తం గద, గట్లనే. మంచి బ్లాక్ ఖంగుమంటది, ఆ మోత జరసేపు నిలబడుతది. లోపట పగులుంటే టప్పుమని ఆడికే సచ్చిపోతది.

చెవులు లేని మేస్త్రి దగ్గరికి ఎవరొస్తరు? అందుకని ఇద్దరం ఒక తీరు చేసుకున్నం. ఆయన సుత్తితోని కొట్టి, తల ఒంచి ఇన్నట్టు చేస్తడు. నేను వచ్చినోళ్ళ ఎన్క నిలబడుత. మోత మంచిగుంటే నా కొంగు భుజం మీదనే ఉంటది. పగులుంటే కొంగు నెత్తిమీదికి తీసుకుంట. ఆయన నా దిక్కు ఒక్కసారి చూసి, అప్పుడు నోరు తెరుస్తడు. ఏండ్లకేండ్లు గిట్లనే నడిచింది. ఒక్క బ్లాక్ తప్పిపోలే. సీతాఫల్‌మండి దాంక, వారాసిగూడ దాంక, ఆ మేస్త్రి చెవికి తిరుగులేదని అనేటోళ్ళు. ఆ చెవి నాది. గా మాట ఇంటే నాకు లోపట తియ్యగ ఉండేది, చేదుగ కూడ ఉండేది. రెండు ఒక్కసారే ఎట్లుంటయంటే, ఉంటయి.

ప్రభుదాస్ సార్ కోస్తా దిక్కు మనిషి. అసలు పేరు ఇది కాదు, రాయనీకె పెట్టిన. వాళ్ళమ్మ పంతులమ్మగ చేసి రిటైరైంది. సారు ఒక ప్రైవేటు కాలేజీల లెక్కలు చెప్పేటోడు. తార్నాకలనే ఇల్లు. కారు పిచ్చి. బయటికి చూస్తే మామూలు పాత తెల్ల కారు, దానికి టర్బో పెట్టాలె, మూడు వందల గుర్రాల బలం రావాలె, మళ్ళ అదే కారుల ఆదివారం వాళ్ళమ్మను చర్చికి తీసుకపోవాలె. ఇదీ సారు కోరిక. టర్బో అంటే ఏందో మా ఆయన నాకు చెప్పిండు. ఇంజన్‌లకెల్లి ఎల్లే పొగ ఒక చక్రాన్ని తిప్పుతదంట, ఆ చక్రం గాలిని బలవంతంగ లోపటికి కుక్కుతదంట. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతది. ఆ దెబ్బంత బ్లాకు మీదనే పడుతది. అందుకే సారు బ్లాకు కోసం రెండు నెలలు తిరిగిండు. ఆఖరికి ట్రాలీ ఆటోల మూడు బ్లాకులు ఏసుకొని మా షెడ్డుకొచ్చిండు. ఏది పనికొస్తదో మేస్త్రిగారే చెప్పాలన్నడు.

అవి ఉద్యమం రోజులు. రెండు రోజులు పని, ఒక రోజు బందు. యూనివర్సిటీల టియర్ గ్యాస్ కొడితే మా షెడ్డుల కండ్లు మండేటియి. మా ఆయన తెలంగాణ మనిషి, ధర్నా అంటే మిషన్ బంద్ చేసి పోయేటోడు. సారు ఆంధ్ర మనిషి. అయినా ఇద్దరికి మంచి దోస్తాన. ఆ రోజు కూడ పరాచికాలతోనే మొదలైంది.

"రాష్ట్రమొస్తే మీరు బెజవాడకు సదురుకునుడేనా సార్?"

"బండి పూర్తి చేసివ్వండి మేస్త్రిగారూ. మధ్యాహ్నం భోజనానికి బెజవాడ ఎళ్ళి, సాయంత్రం టీకి మీ షెడ్డులో ఉంటాను."

"అయితే జర నిదానంగనే చేస్త సార్. మీరు పోతే నాకు గిసొంటి పిచ్చి పని ఎవరు తెస్తరు?"

మూడు బ్లాకుల ఒకటి అల్యూమినియంది. సారు దాని మీద చెయ్యేసి, తేలికండి, బండి ముందు బరువు తగ్గుద్ది అన్నడు. మా ఆయన ఒప్పుకోలే. తేలికైతే మంచిదే, కని లోపట మూడు వందల గుర్రాలు తంతుంటే ఈ పల్చటి గోడ ఎన్నొద్దులు ఆగుతది, బరువున్నా సరే ఇనుమే తీస్కోండ్రి అన్నడు. ఇంక రెండు ఇనుపయి మిగిలినయి. ఒకటి టాక్సీ బండిది, తుప్పు పట్టి, పక్కన రంగు పెచ్చులు లేసి, చూడనీకె మనసు రాదు. ఇంకొకటి నల్లగ నిగనిగలాడుతున్నది, ఒక్కసారి కూడ బోరింగ్ కానిది, గోడలు మందంగున్నయి. సారు కండ్లు దాని మీదనే. ఎవరివైనా దాని మీదనే ఉంటయి.

అప్పుడు సారు నా దిక్కు తిరిగిండు. "మీరేమంటారక్కా? రోజూ కడిగేది మీరే కదా."

ఇన్నేండ్లల నన్ను గట్ల అడిగిన మనిషి ఆయన ఒక్కడే. నేను నోరు తెరవకముందే మా ఆయన నవ్విండు. "ఆమెనేం అడుగుతరు సార్. కడుగుమంటే కడుగుతది. ఇనుమో ఇత్తడో ఆమెకేం ఎరుక?"

సారు నవ్వలే. మా ఆయనే నవ్విండు. ముచ్చట బయటపడుతదని భయపడి అట్ల అన్నడేమో. అట్లనే అయ్యుంటది. ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు నా చెవులల్ల నెత్తురు కొట్టుకుంటున్నది.

సుత్తి తీసుకొని తుప్పుదాన్ని కొట్టిండు. ఖంగుమన్నది. నా కొంగు భుజం మీద ఉన్నది. నల్లదాన్ని కొట్టిండు.

టప్పుమన్నది.

నా చెయ్యి కొంగు దాంక పోయింది. ఏండ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే పోతది. మధ్యల ఆగింది. ఆగలే, నేను ఆపిన. మా ఆయన నా దిక్కు చూసిండు. నా కొంగు భుజం మీద ఉన్నది. "నల్లదే మంచిగున్నది సార్, గిదే ఖాయం చేద్దాం" అన్నడు.

నేనేం అనుకున్న అప్పుడు? మనిషి కాలుతడని అనుకున్ననా? లేదు. ఒట్టు, లేదు. మిషన్ ఎక్కించినంక పగులు బయటపడుతది, సారు ముందట ఈయన మొఖం చిన్నబోతది, ఎరుక ఎవరికుందో అప్పుడు తెలుస్తది. గంతే కావాలె నాకు. మొగుడు ఒక్కసారి తల దించుకుంటే చూడాలె.

కని పగులు బయటపడలే. బోరింగ్ చేసేది పైన సిలిండర్లల్ల. పగులు కింద, ఇంజన్‌ల తిరిగే ఇరుసు, క్రాంకు అంటరు, అది కూసునే కాడ ఎక్కడనో ఉన్నది. సిలిండర్లు అద్దం లెక్క తయారైనయి. సారు వేలు పెట్టి చూసుకొని మురిసిపోయిండు.

గప్పుడు నాకు అనుమానం షురూ అయ్యింది. నేను తప్పు ఇన్ననేమో, కోపంల చెవి మోసం చేసిందేమో అనుకున్న. ఒక బందు రోజు మా ఆయన ధర్నాకు పోయిండు. షెడ్డు షట్టర్ సగం దించి నేనొక్కదాన్నే ఉన్న. గడ్డపార మోపి బ్లాకును బొర్లేసిన. గ్యాసునూనె, అదే కిరసనాయిలు, పూసి, గుడ్డతోని బాగ తుడిసి, మీద చాక్‌పీసు పొడి చల్లిన. పగులుంటే లోపటికి పోయిన నూనె మెల్లగ పైకొచ్చి తెల్ల పొడి మీద గీత గీస్తది. ఆ పని ఆయనే నాకు నేర్పిండు. కూసున్న. బయట నినాదాలు ఇనస్తున్నయి. ఏం రావొద్దు ఏం రావొద్దు అనుకుంట చూసిన. వచ్చింది. వెంట్రుక అంత సన్నగ, జానెడు పొడుగు.

ఎంతసేపు చూసిన్నో. తర్వాత గుడ్డ తీసుకొని తుడిసేసిన.

సుత్తి కొట్టినప్పుడు చేసింది కోపం. దానికి నేను ఏదన్న చెప్పుకోవచ్చు. ఈ తుడుచుడుకు ఏం పేరు పెడ్త? చెప్తే, మొన్న ఎందుకు చెప్పలే అని అడుగుతడు. చెప్పకపోతే ఎవ్వరికి తెల్వదు. ఆ రోజు నేను ఎన్నుకున్నది గిది. అంత తెలిసి, నిమ్మలంగ కూసొని, తుడిసిన.

కొన్నొద్దులు నాకు నేనే ఇంకొక మాట చెప్పుకున్న. ఆంధ్రోని బండే గద, పోతే పోయింది అని. పిల్లలు యూనివర్సిటీల లాఠీదెబ్బలు తింటుంటే వీనికి కారు సోకా అని. అట్ల అనుకుంటే నిద్ర పట్టేది. అది అబద్ధం. ఉద్యమానికి నా తప్పుకు ఏం సంబంధం లేదు. అంత పెద్ద కొట్లాటను తెచ్చి నా చిన్న రోషం మీద కప్పుకున్న. దానికి కూడ సిగ్గుపడుతున్న.

ఇంజన్ కూసున్నది, టర్బో ఎక్కింది, కారు నడిచింది. వారం రోజులు ఏం కాలే. గాలి తక్కువ పెట్టి నడిపిండు సారు. నాకు పానం కుదురుకున్నది. పగులు ఉన్నా ఆగుతదేమో, ఇనుము కదా అనుకున్న. వాళ్ళమ్మ కేకు చేసి పంపింది, తిన్న కూడ.

మళ్ళ ఒక బందు వచ్చింది. రోడ్లు ఖాళీ. పొద్దున పది గంటలకు సారు కారు తీసుకొని షెడ్డుకొచ్చిండు. ఇయ్యాల మొత్తం గాలి పెట్టి చూద్దాం, రోడ్డు మీద ఎవరూ లేరు, మీరు పక్కన కూర్చోండి మేస్త్రిగారూ అన్నడు. మా ఆయన గబగబ చేతులు తుడుసుకున్నడు. సంబురం ఆయనకు. తలుపు తీసి ఒక కాలు లోపట పెట్టిండు.

నేను రొమ్ము పట్టుకొని కింద కూసున్న. "నొప్పి" అన్న.

ఆయన ఉరికొచ్చిండు. సారు కూడ దిగొచ్చిండు. "హాస్పిటల్‌కి నా కారులో తీసుకెళ్తాను, ఎక్కండక్కా" అన్నడు. నేను వద్దన్న. గ్యాస్ నొప్పి, తగ్గుతది, ఈయన జర నా కాడ ఉంటే సాలు అన్న. సారు మా ఆయన భుజం తట్టిండు. "మీరు అక్కను చూసుకోండి. నేనొక రౌండ్ వేసొస్తాను" అన్నడు.

గిది ఇంటున్నవు గద నువ్వు. నేను నా మొగన్ని దించుకున్న. ఆ మనిషిని పోనిచ్చిన. నోట్లె ఒక్క మాట, 'పగులున్నది సార్' అని ఒక్క మాట, అది రాలే. ఎందుకు రాలే? ఇన్నేండ్ల సంది అడుగుతున్న. కారు గల్లీ తిరిగేదాంక టైం ఉండె.

మా ఆయన కుండల నీళ్ళు ముంచుతున్నడు నాకోసం. దూరంగ, హబ్సిగూడ దిక్కు రోడ్డు మీద కారు గొంతు పెరుగుతున్నది. పెరిగింది. ఇంక పెరిగింది. తర్వాత ఒక్క దెబ్బ ఇనొచ్చింది. ఆ తర్వాత ఏం లేదు. మా ఆయనకు ఇనపడలే. గ్లాసు నా చేతుల పెట్టి, "తాగు, నిమ్మలంగ తాగు" అంటున్నడు.

నేను తాగిన.

బ్లాక్ కింద పలిగి, లోపటి సామాను గోడ చీల్చుకొని బయటికొచ్చిందంట. నూనె పోయి కాలుతున్న టర్బో మీద పడి అంటుకున్నదంట. సారు బతికిండు. కుడి చెయ్యి మోచేతి దాంక కాలింది. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కపోయినయి. బోర్డు మీద లెక్కలు చెప్పే చెయ్యి.

అప్పటి రోజుల మాటలెట్ల పుడుతయో నీకు తెలుసు. ధర్నాల ముందు నిలబడే మేస్త్రి, ఆంధ్ర సారుకు కావాలని పగిలిన బ్లాక్ అంటగట్టిండన్నరు. అది ఒకటి. అంతకంటె ఘోరం చాయ్ హోటల్‌ల అయ్యింది. ఒకడు మా ఆయన వీపు తట్టి, "మంచి పని చేసినవ్ అన్నా, చెప్తలేవుగాని" అన్నడంట. ఆయన చాయ్ అక్కడనే పెట్టి ఇంటికొచ్చిండు. మధ్యాహ్నం. అన్నం పెడితే ముట్టలే. నా మొఖం ముందటికొచ్చి కూసున్నడు, పెదవులు కనపడేటట్టు.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆ రోజు నల్లదాన్ని కొట్టినప్పుడు నువ్వు కొంగు నెత్తిమీదికి తీసుకున్నవా? నేను సరిగ చూడలేదా?"

తీసుకోలే అంటే, ఎందుకు తీసుకోలే అంటడు. ఆయన కండ్లు నా నోటి మీద ఉన్నయి.

"తీసుకున్న" అన్న. "నువ్వే చూడలే."

"మరి తర్వాత చెప్పకపోతివి?"

"నాకేం ఎరుక అన్నవు గద సారు ముందట. మళ్ళ నేనేం చెప్పాలె?"

ముట్టని పళ్ళెం పక్కకు జరిపిండు. తర్వాత తల ఊపిండు. "అవును. అన్న" అన్నడు. "గట్లయితే తప్పు నాదే."

చెప్పులేసుకొని దవాఖానకు పోయిండు. సారు వాళ్ళమ్మ కాళ్ళ కాడ కూసొని, తప్పు నాదేనమ్మా అన్నడంట. ఎట్లనో చెప్పలే. చెవుల సంగతి చెప్పలే, కొంగు సంగతి చెప్పలే. చెప్తే నా పేరు కూడ వస్తదని చెప్పలే. ఇన్నోళ్ళు ఏమనుకుంటరు? ఒప్పుకున్నడు సూడు, కావాలనే చేసిండు అనుకున్నరు. సారు కేసు పెట్టలే. మళ్ళ ఎన్నడు మా గల్లీకి రాలే.

మా ఆయన మళ్ళ బ్లాక్ ముట్టలే. షెడ్డు అమ్మినం. యూనివర్సిటీ దిక్కు ఒక అపార్ట్‌మెంట్‌ల వాచ్‌మెన్‌గ చేరిండు. రాష్ట్రమొచ్చిన రోజు గల్లీ గల్లీ రంగులు చల్లుకున్నరు. అంత కొట్లాడిన మనిషి బయటికి రాలే. గేటు కాడ కుర్చీల కూసొని ఉన్నడు. నేను ఆ రోజు చెప్దామనుకున్న. ఇంత సంబురంల ఎందుకులే అనుకున్న. జరం వచ్చి పండుకున్నప్పుడు చెప్దామనుకున్న. ఇంత జరంల ఎందుకులే అనుకున్న. ఎప్పటికి ఒకటి దొరుకుతది చెప్పకుండ ఉండనీకె.

ఒక్కటి నన్ను ఇప్పటికి తింటది. ఆ పొద్దున నాకు రొమ్ముల నొప్పి లేసిన సంగతి, ఆయన కాలు కారులకెల్లి బయటికొచ్చిన సంగతి, ఆయన ఎన్నడన్న కలిపి చూసుకున్నడా? తెలిసి కూడ నన్ను అడగకుండ పోయిండా? ఆఖరి రోజులల్ల నా దిక్కు చూసుకుంట పండుకునేటోడు. ఆ చూపుల ఏముండెనో నేను సదవలేకపోయిన.

సారు ఇంక ఈడనే ఉన్నడో, కోస్తాకు పోయిండో తెల్వదు. ఎక్కడనన్న ఇది ఆయన కంట పడితే, మాఫీ చెయ్యమని అడగను. ఏ మొఖం పెట్టుకొని అడుగుత. మా మేస్త్రి నీకు ద్రోహం చెయ్యలే సారూ, ఆయనకు తెల్వదు. గంతవరకు తెలిస్తే సాలు.

రాసిందంత పక్కింటి కోడలు ఒకసారి నాకు సదివి ఇనిపించింది. కండ్లు మూసుకొని ఇన్న. ఒక్కకాడ ఆపిన. గీత తుడిసేసిన కాడ ఆమె 'పొరపాటున' అని ఒక మాట ఏసింది. నేను చెప్పలే, నా మీద జాలితోని ఆమెనే ఏసింది. కొట్టెయ్యమన్న. అత్తమ్మా, ఉండనియ్యి అన్నది. వద్దు, కొట్టేసి, తెలిసే చేసిన అని రాయి అన్న.

రాసింది. మళ్ళ సదవమన్న. సదివింది.

ఇప్పుడు మంచిగున్నది. గిట్లనే ఉండనీ.